చివరి యాభై మీటర్లలో ఈత స్ట్రోక్ చెదిరిపోతోంది: కిలోమీటర్లు పెంచితే సరిపోతుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. పన్నెండేళ్ల అమ్మాయి, 200 మీటర్ల ఫ్రీస్టైల్. మొదటి వంద చూడముచ్చటగా ఈదుతుంది. మూడో యాభై నుంచి తల పైకి లేస్తుంది, చేతులు నీళ్లను బాదుతున్నట్టు పడతాయి, చివరి యాభైకి వచ్చేసరికి "అసలు ఈత నేర్చుకోని పిల్లలా" అయిపోతుంది. కోచ్ గారేమో స్టామినా లేదు, రోజుకి ఇంకో రెండు కిలోమీటర్లు పెంచుదాం అంటున్నారు. అది సరైన దారేనా అని తండ్రి అడుగుతున్నారు.

సూటిగా చెప్పాలంటే, కిలోమీటర్లు పెంచినంత మాత్రాన ఇది పోదండీ. అలసటలో స్ట్రోక్ (అంటే చేతులు, కాళ్లు, ఊపిరి కలిపి ఈదే తీరు) నిలబెట్టుకోవడం విడిగా నేర్పాల్సిన పని. స్టామినా పెరిగితే దానంతటదే వచ్చి చేరదు. ఒళ్లు అలిసి ఉన్నప్పుడే, తక్కువ దూరాల్లో, ఒకే ఒక్క విషయం మీద మనసు పెట్టించి నేర్పాలి. స్ట్రోక్ చెదిరిందంటే అక్కడితో ఆపాలి. చెదిరిన స్ట్రోక్‌తో రోజూ రెండు కిలోమీటర్లు అదనంగా ఈదిస్తే అదే అలవాటైపోతుంది. తర్వాత దాన్ని వదిలించడం కొత్తగా ఈత నేర్పడం కంటే కష్టం.

అలాగని మీ కోచ్ గారిని తప్పుపట్టడం లేదు. నేను ఇరవై రెండేళ్లుగా కోస్తాలో పిల్లలకి ఈత నేర్పుతున్నాను. మొదటి ఆరేడేళ్లు నేనూ ఆ మాటే చెప్పేవాణ్ణి. నా మనసు మార్చింది ఒక నోటు పుస్తకం, ఒక అమ్మాయి. ఆ సంగతి చెప్తాను, మీ పాపకి బాగా దగ్గరగా ఉంటుంది.

ఆ అమ్మాయికి పదమూడేళ్లు. 200 ఫ్రీస్టైల్, 50 మీటర్ల పూల్. ఒకరోజు టైమ్‌తో పాటు బారలు కూడా లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాశాను. (మా నాన్న తరం వాళ్లు కాలవ ఈదేటప్పుడు "ఎన్ని బారల్లో అవతలి గట్టు పట్టుకున్నావురా" అని పందెం వేసుకునేవాళ్లు. మనం స్ట్రోక్ కౌంట్ అంటున్నది అదే. ఒక్కో చెయ్యి ఒక్కో బార.) మొదటి యాభై 36.8 సెకన్లు, 42 బారలు. రెండోది 40.1, 45 బారలు. మూడోది 42.0, 48 బారలు. నాలుగోది 42.6, 54 బారలు.

ఈ చివరి అంకె దగ్గర కాస్త ఆగండి. రెండో యాభైతో పోలిస్తే నాలుగో యాభైలో తొమ్మిది బారలు ఎక్కువ వేసింది, రెండున్నర సెకన్లు ఆలస్యంగా చేరింది. నిమిషానికి లెక్కేస్తే 67 బారల నుంచి 76కి పెరిగింది. అంటే చేతులు ఇంకా వేగంగానే తిరుగుతున్నాయి. ఓపిక పూర్తిగా అయిపోయిన పిల్ల చేతులు అలా తిప్పలేదు కదా! ఒక్కో బారకి ముందుకి వెళ్లే దూరం మాత్రం 111 సెంటీమీటర్ల నుంచి 93కి పడిపోయింది. ఉన్న ఓపిక నీళ్లలో కొట్టుకుపోతోంది. మట్టిలో దిగబడిన బండి చక్రంలా, తిరగడం ఉంది, కదలడం లేదు.

మర్నాడు గాగుల్స్ పెట్టుకుని నేనూ నీళ్లలోకి దిగాను. గట్టు మీద నుంచి చూస్తే మనకి కనిపించేది సగమే. మొదటి వందలో ఆమె ముక్కు నుంచి, నోటి నుంచి బుడగలు సన్నగా, ఆగకుండా వస్తున్నాయి. మూడో యాభైలో బుడగలు ఆగిపోయాయి. ఊపిరి బిగబట్టేసి, తల పక్కకి తిప్పిన తర్వాత, ఆ కాస్త సమయంలోనే వదలడం, పీల్చుకోవడం రెండూ చేస్తోంది. రెండు పనులకి ఆ సమయం చాలదు, అందుకని తల ఇంకాసేపు బయటే ఉండిపోతోంది. తలకి ఆసరా కావాలి కాబట్టి ముందుకి చాచిన చెయ్యి నీళ్లను వెనక్కి లాగడం మానేసి, మెట్ల పక్క రెయిలింగ్ మీద ఆనుకున్నట్టు నీళ్లని కిందికి నొక్కుతోంది. తల లేచింది కాబట్టి నడుము మునిగింది. నడుము మునిగితే కాళ్లు బ్రేకు వేసినట్టే. దాన్ని లాగడానికి ఇంకా ఓపిక కావాలి, ఇంకా ఊపిరి కావాలి, ఇంకా తల లేస్తుంది.

చూశారా, మీరూ నేనూ గట్టు మీద నుంచి "చేతులు పాడయ్యాయి" అనుకున్నాం. పాడయింది ఊపిరి వదలడం. మిగతావన్నీ దాని వెనక వరసగా పడిపోయినవే.

అందుకే నా మొదటి సలహా: ముందుగా ఏది చెదురుతోందో కనిపెట్టండి, దాన్ని మాత్రమే పట్టుకోండి. నేను చూసిన పిల్లల్లో ఎక్కువమందికి అది ఊపిరి, తల. కొందరికి మోచెయ్యి: భుజం అలిసిపోయి, నీళ్లలో మోచెయ్యి అరచేతి కంటే ముందు కిందికి జారుతుంది, ముంజేతితో పట్టాల్సిన నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారిపోయినట్టు ఉంటుంది. ఇంకొందరికి చెయ్యి తల ముందు నుంచి అవతలి వైపుకి దాటుతుంది, ఒళ్లు పాములా వంకర్లు తిరుగుతుంది. బావుల్లో, నూనె డబ్బా వీపుకి కట్టుకుని నేర్చుకుని వచ్చిన పిల్లలకి ఇంకో తమాషా ఉంటుంది. తాజాగా ఉన్నప్పుడు పూల్ ఈత ఈదుతారు, అలిసిపోగానే ఒంటికి ఎప్పటిదో ఆ బావి ఈత గుర్తొస్తుంది, తల నీళ్ల పైకి వచ్చేస్తుంది. అలసటలో ఒళ్లు పాత అలవాటుకే వెళ్తుంది, వాళ్ల తప్పేం లేదు.

ఆ అమ్మాయికి నేను ఒకే మాట ఇచ్చాను: "బుడగలు." మోచెయ్యి అనలేదు, కాళ్లు అనలేదు, తల అనలేదు. అలిసిపోయిన పిల్ల బుర్రలోకి ఒక మాట కంటే ఎక్కువ దూరదు. గట్టు మీద నుంచి "తల దించు, మోచెయ్యి పైకి, కాళ్లు కొట్టు" అని అరిచే కోచ్ మాట ఆ పిల్లకి గుసగుసగా కూడా వినపడదు.

ఇక ఎలా చేయించామో చెప్తాను. వారానికి రెండే రోజులు, ఒక్కోసారి పావుగంట.

ముందు కిక్ బోర్డు (చేతులతో పట్టుకునే తేలే పలక) పట్టుకుని 100 మీటర్లు గట్టిగా కిక్, అంటే కాళ్లతోనే ఈత. కాళ్లు మండిపోయి, ఊపిరి పైకి వచ్చేయాలి. బోర్డు పక్కన పడేసి పది సెకన్లు ఆగి, 25 మీటర్లు ఫ్రీస్టైల్. వేగం గురించి ఏమీ అడగను. రెండే షరతులు: బుడగలు ఆగకూడదు, బారలు 22 దాటకూడదు. ఇలా నాలుగు సార్లు. బారలు 24కి వెళ్లాయా, ఆ రోజుకి అది ముగిసింది, మెల్లగా వెల్లకిలా ఈదుకుంటూ వెళ్లిపొమ్మనేవాణ్ణి. మొదటి రోజు రెండో సారికే ఆగిపోయాం. ఆ పిల్ల కళ్లలో నీళ్లు. "సార్, ఇంకొకటి చేస్తాను సార్" అంటుంది. చేయనివ్వలేదు. అలా ఆపడం నాకే కష్టంగా ఉండేది, కానీ అసలు మందు అక్కడే ఉంది. చెడుగా ఈదే బారలు రోజులో ఎంత తగ్గితే అంత మంచిది.

మూడో వారం నుంచి 200ని నాలుగు యాభైలుగా విడగొట్టి, మధ్యలో పది సెకన్లు విశ్రాంతి ఇచ్చి రేస్ వేగంతో ఈదించాను. చివర్లో మొత్తం టైమ్‌లోంచి ముప్ఫై సెకన్లు తీసేస్తే రేస్‌లో ఎక్కడ ఉండొచ్చో ఓ అంచనా వస్తుంది. ఇక్కడ కూడా ప్రతి యాభైకి టైమ్, బారలు రెండూ రాసేవాళ్లం. రెండూ కలిపి ఒకే అంకె చేసుకోవచ్చు: 40 సెకన్లు, 45 బారలు అయితే 85. ఈ అంకె పెరగకుండా చూసుకోవడం పిల్లలకి ఆటలా ఉంటుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఈ అంకెని ఒక పిల్లకీ ఇంకో పిల్లకీ పోల్చకూడదు. పొడుగు పిల్లలకి బారలు సహజంగానే తక్కువ. నిన్నటి తన అంకెతోనే పోల్చాలి. ఇంకోటి, కొందరు గడుగ్గాయిలు బారలు తగ్గించడానికి చెయ్యి ముందుకి చాచి నీళ్లలో తేలుతూ ఉండిపోతారు. బారలు తగ్గుతాయి, టైమ్ పెరుగుతుంది. రెండూ రాయమనేది అందుకే.

ఆరు వారాలకి చివరి యాభై 54 బారల నుంచి 48కి వచ్చింది, మొత్తం టైమ్ ఐదు సెకన్లు తగ్గింది. అంతా నా మహిమ అనను. ఆ వయసులో పిల్లలు నెల నెలకీ పెరుగుతారు, బలపడతారు. కానీ ఆ ఆరు వారాల్లో మేం ఒక్క కిలోమీటరు కూడా పెంచలేదు.

ఇలా "చెదిరితే ఆపెయ్" అనే పద్ధతికి పెద్దవాళ్ల మద్దతు కూడా ఉంది. బ్రెంట్ రషల్ అనే శిక్షణ నిపుణుడు రేస్ వేగంతో అతి తక్కువ దూరాలు, తక్కువ విశ్రాంతితో ఈదించే పద్ధతిని తీర్చిదిద్దాడు. అందులో అనుకున్న టైమ్ తప్పితే ఒకటి వదిలేసి మళ్లీ మొదలుపెడతారు. వరసగా రెండు తప్పినా, మొత్తం మూడు తప్పినా ఆ సెట్ అయిపోయినట్టే. దాన్ని పూర్తిగా పాటించి మిగతా శిక్షణంతా మానేయాలా అన్న దాని మీద కోచ్‌ల మధ్య పెద్ద గొడవే ఉంది. నేను మానలేదు. ఆ ఆపే నియమం మాత్రం తీసుకున్నాను.

బారలు లెక్కపెట్టడం ఎంత పనికొస్తుందో తెలియాలంటే 2008 బీజింగ్ ఒలింపిక్స్ గుర్తుచేసుకోండి. 200 బటర్‌ఫ్లైలో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ గాగుల్స్‌లోకి నీళ్లు వచ్చేశాయి, గోడ కనిపించలేదు. బారలు లెక్కపెట్టుకుంటూ ఈది, 1:52.03తో ప్రపంచ రికార్డుతో గెలిచాడు. నేనిందులో చూసేది ఇంకొకటి: బటర్‌ఫ్లై చివరి యాభైలో, ఒళ్లంతా మండుతున్నప్పుడు కూడా అతని బార పొడవు లెక్కకి అందేంత స్థిరంగా ఉందన్నమాట. లేకపోతే లెక్క తప్పి గోడకి గుద్దుకునేవాడు. మన దగ్గర సజన్ ప్రకాశ్‌ని చూడండి. 2021 జూన్‌లో రోమ్‌లో అదే 200 బటర్‌ఫ్లైలో 1:56.38 ఈది, ఒలింపిక్ ఏ అర్హత (నేరుగా ఒలింపిక్స్‌కి పంపే టైమ్) అందుకున్న మొదటి భారత ఈతగాడయ్యాడు. అర్హత 1:56.48. తేడా సెకనులో పదో వంతు. చివరి యాభైలో ఒక్క బార తేలిపోయినా చేజారేదే.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఒక మీట్‌లో మా కుర్రాడు 100 బటర్‌ఫ్లై చివరి ఇరవై మీటర్లలో ముందున్నాడు. నేను గట్టు పక్కన పరిగెడుతూ "తిప్పు, తిప్పు, తిప్పు!" అని గొంతు చించుకున్నాను. వాడు తిప్పాడు. బారలు పొట్టివయ్యాయి, నడుము దిగిపోయింది, చివరి పది మీటర్లు నీళ్లలో నిలబడి ఈదినట్టయింది. నాలుగో స్థానం. బయటికి వచ్చి తువ్వాలు కప్పుకుంటూ, "మీరు తిప్పమన్నారుగా సార్" అన్నాడు, కోపం లేకుండా. అప్పటి నుంచి గట్టు మీద నుంచి "ఫాస్ట్" అన్న మాట నేను వాడను. మీరు కూడా గ్యాలరీలో కూర్చుని "కమాన్" అని అరిచే అలవాటుంటే మానేయండి. దానికి బదులు చేతిలో పెన్ను పట్టుకుని బారలు లెక్కపెట్టండి.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఇవి చూడకుండా పైన చెప్పినవి చేస్తే ఉపయోగం ఉండదు.

మొదటి యాభై చూడండి. సగం కేసుల్లో రోగం చివరి యాభైలో ఉండదు, మొదటి యాభైలోనే ఉంటుంది. పక్క లేన్ పిల్లని చూసి బాణంలా దూసుకెళ్తారు. డైవ్ ఉంటుంది కాబట్టి మొదటి యాభై మిగతా వాటికంటే రెండు మూడు సెకన్లు వేగంగా ఉండటం సహజం. నాలుగైదు సెకన్లు ఉందంటే అప్పు తీసుకుని ఖర్చుపెట్టినట్టే, మూడో యాభైలో వడ్డీతో కట్టాలి. పైన చెప్పిన అమ్మాయికి కూడా రెండో యాభైకి మూడు సెకన్లు పైన తేడా ఉంది, కొంత ఆ తప్పు కూడా ఉంది. మొదటి యాభై ఒక్క సెకను ఆపుకుని ఈదమంటే చాలు, స్ట్రోక్ సగం బాగుపడిన పిల్లలు నాకు తెలుసు.

మీ పూల్ ఎంత పొడవు? మన జిల్లాల్లో చాలా చోట్ల 25 మీటర్ల పూల్సే. అందులో 200 ఈదితే ఏడు సార్లు గోడ వస్తుంది, గోడ గోడకీ ఒక తోపు, చేతులకి కాస్త విశ్రాంతి. 50 మీటర్ల పూల్‌లో గోడ మూడు సార్లే. ఇంటి దగ్గర బ్రహ్మాండంగా ఈదిన పిల్ల గచ్చిబౌలి లాంటి పెద్ద పూల్‌లో మీట్‌కి వెళ్లి మధ్యలో చెదిరిపోవడానికి పెద్ద కారణం ఇదే. పెద్ద పూల్ దొరక్కపోతే, గోడ దగ్గర తిరిగాక గట్టిగా తొయ్యకుండా మెల్లగా మొదలుపెట్టించి కొన్ని సెట్లు చేయించండి. మిగతా రోజుల్లో మాత్రం గోడ తోపు విషయంలో రాజీ వద్దు. అలిసిన పిల్లలు ముందు దొంగతనం చేసేది గోడ దగ్గరే: చేతులు కలపరు, తోసిన మొదటి బారకే ఊపిరి తీసుకుంటారు.

నీళ్ల వేడి కూడా. పోటీ పూల్‌లో 25 నుంచి 28 డిగ్రీలు ఉండాలని నిబంధన. మే నెల సాయంత్రం మన బయటి పూల్స్‌లో చెయ్యి పెడితే పొయ్యి మీంచి దింపిన గోరువెచ్చని నీళ్లే. ఆ నీళ్లలో అలసట చాలా ముందే వస్తుంది, అది స్టామినా లోపం కాదు. లేన్ చివర నీళ్ల సీసా పెట్టించండి. పొద్దున్నే ఐదింటికి ఖాళీ కడుపుతో పంపకండి, ఓ అరటిపండైనా తిననివ్వండి.

రక్తం ఒకసారి చూపించండి. ఇది కోచ్‌లు చెప్పని సంగతి. మన దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పన్నెండు, పదమూడేళ్లకి నెలసరి మొదలైన పిల్లల్లో హిమోగ్లోబిన్ తగ్గితే మొదటి వంద బాగానే ఉండి తర్వాత కూలబడటం నేను రెండు మూడు సార్లు చూశాను. అలాంటి పిల్లకి కిలోమీటర్లు పెంచడమంటే శిక్షే. చిన్న పరీక్ష, డాక్టర్ గారిని అడిగి చేయించండి. ఈదిన తర్వాత దగ్గు, పిల్లికూతలు ఉన్నా చెప్పండి.

భుజం నొప్పి అంటే ఆ రోజు చేతులకి సెలవు. నొప్పి వేరు, అలసట వేరు. పిల్లలకి ఆ తేడా నేర్పాలి. ఒక్కసారిగా పొడుగు పెరిగే నెలల్లో స్ట్రోక్ కొంత గందరగోళంగా ఉంటుంది. కొత్త చేతులకి అలవాటు పడాలి, అప్పుడు కాస్త ఓపిక పట్టండి.

ఊపిరి బిగబట్టించే సెట్లతో మాత్రం అలసట తెప్పించకండి. ఒకే ఊపిరితో ఇన్ని మీటర్లు అని పందేలు పెట్టడం కొన్ని చోట్ల ఇంకా చూస్తున్నాను. నీళ్ల అడుగున స్పృహ తప్పితే చప్పుడు ఉండదు, చేతులు ఊపడం ఉండదు, ఈత బాగా వచ్చినవాళ్లే అలా పోతారు. స్ట్రోక్ నేర్పడానికి దాని అవసరమే లేదు.

కొత్తగా ఏదైనా టెక్నిక్ నేర్పేటప్పుడు మాత్రం అలసట పనికిరాదు. అది సెషన్ మొదట్లో, ఒళ్లు తాజాగా ఉన్నప్పుడు నేర్పాలి. తాజాగా ఉన్నప్పుడే రాని మోచెయ్యి అలిసిపోయాక ఎక్కడి నుంచి వస్తుంది? మీరు రాసిన దాన్ని బట్టి మీ పాపకి మొదటి వంద చక్కగా ఉంది కాబట్టి ఆ దశ దాటినట్టే.

మిగతా స్ట్రోక్‌ల గురించి అడగలేదు కాబట్టి టూకీగా: బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ముందుగా పోయేది చేతులు చాచి జారే ఆ క్షణం, బ్యాక్‌స్ట్రోక్‌లో ముందుగా వచ్చే తప్పు చెయ్యి తల వెనక్కి దాటిపోవడం, బటర్‌ఫ్లైలో ఊపిరి కోసం తల ఆలస్యంగా లేవడం. పద్ధతి అన్నిటికీ ఒకటే.

కోచ్ గారితో ఎలా మాట్లాడాలి అంటారా. "కిలోమీటర్లు పెంచొద్దు" అని వెళ్తే ఎవరికైనా కోపం వస్తుంది. ఒక ఆదివారం పాపని 200 పూర్తిగా ఈదమనండి. ప్రతి యాభైకి టైమ్, బారలు మీరు రాయండి. ఫోన్‌లో వీడియో తీసేటప్పుడు ముందు నుంచి కాదు, పక్క నుంచి తీయండి, చివరి యాభై మాత్రం తప్పకుండా ఉండాలి. ఆ కాగితం, వీడియో ఆయన చేతిలో పెట్టి "సార్, ఇది ఎందుకలా అవుతోంది?" అని అడగండి. మంచి కోచ్ అయితే మిగతాది ఆయనే చూసుకుంటారు. ఆ నాలుగు జతల అంకెలు ఇక్కడ కూడా రాయండి, ఏది ముందు చెదురుతోందో నాకు తోచింది చెప్తాను. పూల్ 25ఆ, 50ఆ అన్నది రాయడం మర్చిపోకండి.